వేళ్లు దిగని దీవి

ఉదయం పది గంటల పది నిమిషాలకు మ్యాపుల ఆఫీసు రెండో అంతస్తులో సర్వేయర్‌ను కాల్చి చంపారు. సైలెన్సర్ వాడారు. పక్క గదిలోని టైపిస్టుకు కూడా వినపడలేదు. బల్ల మీద ఆయన గీస్తున్న మ్యాపు మాయమైంది.

పదకొండుకల్లా ఏజెంట్ డైరెక్టర్ ముందు కూర్చున్నాడు. యాభై ఆరేళ్ల ఆ ఏజెంట్‌ను డిపార్ట్‌మెంట్ అంతా బాబాయ్ అనే పిలుస్తుంది. డైరెక్టర్ కూడా ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే.

"సర్వేయర్ మీ తోడల్లుడని తెలుసు బాబాయ్. మిమ్మల్ని పంపకూడదు. కానీ వేరే మనిషి లేడు."

"ఎప్పుడున్నాడు గనక?" అన్నాడు బాబాయ్. ఫోన్లో విన్న వదిన ఏడుపు ఇంకా చెవిలోనే ఉంది.

డైరెక్టర్ ఒక ఫోటో ముందుకు తోశాడు. "మనుషుల్లేని దీవి. పొడవు రెండు కిలోమీటర్లు. పడమర మడ అడవి, తూర్పున నిలువు కొండ. సర్వేయర్ పోయిన వారం కొలతలకెళ్లి అక్కడేదో చూశాడు. రేపు పదకొండూ నలభైకి ఇద్దరు మంత్రులు శాంతి ఒప్పందం కోసం ఓడలో ఆ కొండ కిందనుంచే వెళ్తున్నారు."

"ఓడ ఆపించండి."

"ఆపితే ఒప్పందం ఆగుతుంది. దీని వెనకున్న విదేశీ ముఠాకి కావాల్సిందీ అదే. ముఠాలో మన గూఢచారి ఉంది కదా, నెమలి అని. తను మొక్కల శాస్త్రవేత్త వేషంలో వస్తుంది. మీరు సామాన్లు మోసే అసిస్టెంట్."

"వేషం ఎందుకు, ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదేగా."

మర్నాడు ఏడింటికి రేవులో బోటు సరంగు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఈ గాలికి వల వేస్తారా?"

"వల చిరిగింది. గాలమే గతి," అన్నాడు బాబాయ్. కోడ్ సరిపోయింది.

నెమలి అప్పటికే బోటులో ఉంది. నల్ల కళ్లద్దాలు, మెడకు పట్టు స్కార్ఫ్. బురదలోకి వెళ్లే మనిషిలా లేదు. "నేనా దీవి ఎప్పుడూ చూడలేదు బాబాయ్. మీరే దారి చూపాలి," అని నవ్వింది. ఆకులు నొక్కే చెక్క ప్రెస్ ఆయన భుజానికి తగిలించింది. దాని అడుగున రేడియో ఉంది.

దీవి దగ్గర నీళ్లు లోతు లేవు. సరంగు వాళ్లను మడ చెట్ల అంచున దించి వెనక్కి పోయాడు. బురదలోంచి ఊపిరి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చాయి. అడుగు తీస్తే మోకాలు దాకా దిగుతోంది. ఎర్ర పీతలు చప్పుడుకు కలుగుల్లోకి దూరుతున్నాయి. గట్టునేల తగిలేసరికి బాబాయ్‌కు నడుము పట్టేసింది.

పైన అడవి చిక్కన. మట్టి మాత్రం జానెడే, కింద అంతా రాయి. వేళ్లు లోపలికి దిగలేక నేల మీదే పాముల్లా పాకాయి. ఆయన వాటికి తట్టుకుని రెండుసార్లు పడ్డాడు. ఏ గాలికో పడిన చెట్ల వేళ్ల చట్రాలు నేలనుంచి ఊడి నిలువుగా లేచి ఉన్నాయి.

"జాగ్రత్త, మలుపు తిరిగితే ఊట ఉంది. పాచి జారుతుంది," అంది నెమలి.

మలుపు తిరిగారు. ఊట ఉంది. బాబాయ్ ప్రెస్‌ను రెండో భుజానికి మార్చుకున్నాడు. ఆశ్చర్యపోవడానికి కూడా ఓపిక కావాలి.

తూర్పున కొమ్మలన్నీ పక్షులే. రెట్టలతో ఆకులు సున్నం కొట్టినట్టున్నాయి. కొండ అంచున ఒక్క చోట మాత్రం గూళ్లున్నాయి, పక్షులు లేవు. ఆయన అటే నడిచాడు.

సముద్రం మీదికి వాలిన ఒక పెద్ద చెట్టుకు ఉక్కు పట్టీలతో రాకెట్ గొట్టం బిగించి ఉంది. పక్కన టైమర్ పెట్టె. ఇంకా తొమ్మిది నిమిషాలు. దూరంగా ఓడ పొగ కనపడుతోంది.

"పెట్టె ముట్టుకోకండి. తెరిస్తే పేలుతుంది," అంది నెమలి వెనకనుంచి. ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

బాబాయ్ చెట్టుకు వీపు ఆనించి కూలబడ్డాడు. "కాల్చేదైతే కాల్చమ్మా. ఈ మోకాళ్లు ఇక లేవవు." వీపు వెనక మాను మెల్లగా కదిలింది. "సర్వేయర్‌ని చంపింది నువ్వేనా?"

"తలుపు తీయించింది నేను. కాల్చింది ఇంకొకడు."

"ఆయన నా తోడల్లుడు. ఆదివారం ఇంటికొస్తే ఈ దీవి కబుర్లతో మా ప్రాణం తీసేవాడు. నేను సగం వినేవాణ్ణి కాదు."

ఆమె నల్ల కళ్లద్దాలు తీసేసింది. "నాకు తెలీదు బాబాయ్. ఇటు ఆరేళ్లు, అటు నాలుగేళ్లు. ఎవరి మనిషినో నాకే గుర్తులేదు."

ఆయన కాళ్లు రాతికి తన్నిపెట్టి వీపుతో మానును తోశాడు. వేళ్లు పటపటమన్నాయి. తూటా వచ్చి ఎడమ భుజాన్ని చీల్చింది. ఆయన పళ్లు బిగించి తోస్తూనే ఉన్నాడు. రెండో తూటా రాలేదు. అడుగుల చప్పుడు వచ్చింది. నెమలి పిస్టల్ పారేసి, ఆయన పక్కనే మానుకు భుజం ఆనించింది.

"తొయ్యండి!" అంది ఏడుస్తూ.

టైమర్ మూడు సెకన్లు చూపిస్తుండగా చెట్టు వేళ్లతో సహా పెళ్లగిలింది. గొట్టం తలకిందులైంది. రాకెట్ సూటిగా కొండ కింది నీళ్లలోకి దూసుకుపోయింది. అంతెత్తు కెరటం లేచింది. వేల పక్షులు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. ఓడ ఒక హారన్ కొట్టి ముందుకు సాగిపోయింది.

నెమలి తన స్కార్ఫ్ విప్పి ఆయన భుజానికి కట్టింది. "నన్ను అప్పగిస్తారా?"

"అప్పగిస్తాను. కాల్చినవాడి పేరు చెప్పు. మా వదినకి ఏదో ఒకటి చెప్పాలిగా."

ఆమె చెప్పింది. ఆయన రేడియో తీసి జరిగింది చెప్పాడు. అవతల డైరెక్టర్ ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

"శభాష్ బాబాయ్. కానీ పాటుకి నీళ్లు తీసేశాయి, సాయంత్రం పోటు వస్తేగాని బోటు రాదు. అంతదాకా ఆమె పారిపోకుండా చూసుకోండి."

బాబాయ్ నాలుగు వైపులా ఉన్న సముద్రాన్ని చూశాడు.

"తనెక్కడికి పోతుంది సార్? నేనే పోలేకపోతున్నాను."