పైడమ్మ కిన్నెర

మూడు కొండల నడుమ సువర్ణకోట అనే రాజ్యం ఉండేది. దాన్ని చిత్రరథుడనే రాజు పాలించేవాడు. పంటలకు లోటు లేదు, శత్రువుల బెడద లేదు. అలాంటి రాజ్యంలో ఒకనాడు తెల్లవారేసరికి, పాలు తాగే పసికందులు తప్ప పదేళ్ళ లోపు పిల్లలెవరూ నిద్ర లేవలేదు. తల్లులు పిలిచారు, కుదిపారు, మొహాన నీళ్ళు చల్లారు. పిల్లలు ఊపిరి తీస్తూనే ఉన్నారు గాని కళ్ళు తెరవలేదు. మూడో రోజున ఒక తల్లి తన కొడుకు కాళ్ళు నిమురుతూ కెవ్వున కేక వేసింది. వాడి పాదాలు కొయ్యబారి ఉన్నాయి. వేలితో తడితే తలుపు చెక్కను తట్టినట్టు చప్పుడైంది.

పక్షానికి బెత్తెడు చొప్పున ఆ కొయ్య పైకి పాకసాగింది. వైద్యులు చేతులెత్తేశారు. చివరకు హిమవంతం వైపు వెళుతున్న ఒక ముని రాజసభకు వచ్చి, దివ్యదృష్టితో సంగతి చూసి ఇలా చెప్పాడు:

"రాజా, ఇది అడవికి ఆవల గండశిల గుహలో ఉండే ఘోరకర్ణి అనే రాక్షసి చేసిన పని. ఆమెను కత్తి కోయదు, బాణం గుచ్చుకోదు. తీగవాద్యం నాదం ఒక్కటే ఆమె మనసును కదిలించగలదు. మనసు కరిగితే పిల్లలు లేస్తారు. కరగకపోతే వాయించినవాళ్ళు కూడా కొయ్యబారిపోతారు. కొయ్య గొంతు దాకా చేరితే మాత్రం ఇక బ్రహ్మ కూడా ఏమీ చేయలేడు."

ఆస్థాన విద్వాంసుడు కేదారభట్టు వెంటనే లేచాడు. దంతపు చెక్కడాల వీణ పట్టుకుని, తొమ్మిదిమంది శిష్యులను వెంటబెట్టుకుని, గుర్రమెక్కి అడవిదారి పట్టాడు. నెల తిరిగేసరికి ఆ గుర్రం ఒక్కటే కోట గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. జీనుకు విరిగిన వీణ దండి ఒకటి వేలాడుతూ ఉంది.

ఆ తరువాత అడవికి వెళతానన్నవాడు లేడు.

కోట వెలుపల, వెదురు పొదల పక్కన సోమన్న అనే మేదరి ఉండేవాడు. బుట్టలు, చేటలు అల్లి బతికేవాడు. అతనికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పైడమ్మ, పదిహేనేళ్ళది. చిన్నది ముత్తి, ఏడేళ్ళది. ముత్తి పుట్టినప్పుడే తల్లి పోయింది. చెల్లెలికి పాలు పట్టింది, జోకొట్టింది, నడక నేర్పింది అంతా పైడమ్మే. ఇప్పుడా పిల్ల చాప మీద కదలక మెదలక పడి ఉంటే, పైడమ్మ రోజూ పొద్దున్నే కొయ్య ఎంతదాకా పాకిందో బొగ్గుతో గీత గీసి చూసుకునేది.

గీత మోకాలు దాటిన రోజున పైడమ్మ రాజుగారి సంగీతశాలకు వెళ్ళింది. అక్కడ మిగిలిన ఉపాధ్యాయుడు ఆమెను గడప అవతలే ఆపాడు.

"అయ్యా, నాకు వీణ నేర్పండి. నేను గండశిలకు పోతాను," అన్నది పైడమ్మ.

"నీ దగ్గర వీణ ఉందా?"

"లేదయ్యా."

"వీణకు నలభై వరహాలు. గురుదక్షిణ వేరు. చేయి తిరగడానికి పన్నెండేళ్ళు. పో తల్లీ, పోయి బుట్టలల్లుకో," అని అతను తలుపు మూశాడు.

పైడమ్మ ఇంటికి వచ్చి కాసేపు ఏడ్చింది. తరువాత లేచి కత్తి పట్టుకుని వెదురు పొదలోకి వెళ్ళింది. ఆమె చిన్నప్పుడు ఊరూరా తిరిగి కథలు చెప్పే ఒక ముసలాయన కిన్నెర పట్టుకుని వాళ్ళ వాకిట్లో కూర్చున్నాడు. అది ఎలా ఉందో ఆమెకు గుర్తుంది, ఎలా వాయించాడో గుర్తు లేదు. ముదురు వెదురు ఒకటి నరికి దండిగా చేసుకుంది. కప్పు మీద ఎండిపోయిన ఆనపకాయలు రెండు తెచ్చి, గింజలు దులిపి, దండి కింద కట్టింది. వేలు ఆనే మెట్లకు వెదురు బద్దలు చెక్కి, తేనెమైనంతో అతికించింది. తీగలకు ఇనుము ఎక్కడిది? కసాయివాడు పారేసిన మేకనరాలను తెచ్చి, కడిగి, మెలిపెట్టి ఎండబెట్టింది. రెండు తీగలు కుదిరాయి.

మొదటిసారి మీటినప్పుడు ఆ కిన్నెర తలుపు గడియలా కిర్రుమంది.

"అమ్మా, ఎందుకే ఈ బాధ? పండితులవల్ల కానిది మనవల్ల అవుతుందా?" అన్నాడు సోమన్న.

"ఊరికే కూర్చుని ఈ గీతలు గీయలేను నాయనా," అన్నది పైడమ్మ.

చెప్పేవాళ్ళు లేరు కనుక ప్రతిదీ తప్పు చేసే తెలుసుకోవలసి వచ్చింది. తీగ మరీ బిగిస్తే తెగేది. వదులు చేస్తే గొణిగేది. రెండు తీగల శ్రుతి కలిసిందో లేదో ఆమె చెవికి అంతుపట్టలేదు. ఇరవై రోజులు తంటాలు పడ్డాక, ఒక మధ్యాహ్నం రెండు తీగలూ కలిసిన క్షణాన ఆనపబుర్ర ఆమె గుండెకు ఆని సన్నగా వణికింది. ఇక ఆమె చెవిని కాక ఆ వణుకును నమ్మింది. వేళ్ళ కొసలు చీలి నెత్తురు కారాయి. పసుపు అద్ది, గుడ్డపీలిక చుట్టి మళ్ళీ మీటింది. నెత్తురు ఆగిపోయి చర్మం కాయలు కాసింది. మూడు నెలలకు దంపుళ్ళపాట ఒకటి, కోలాటం పాట ఒకటి తడబడకుండా పలికించగలిగింది.

ఆ వారంలోనే కుమ్మరి వీధిలో మూడేళ్ళ పిల్లవాడి గొంతు కొయ్యబారింది. ఊరంతా కలిసి వాణ్ణి వల్లకాటికి మోసుకెళుతుంటే ఎవరూ మాట్లాడలేదు. ముత్తి గీత పక్కటెముకల దాకా వచ్చింది. పైడమ్మ కిన్నెరను వీపుకు కట్టుకుని, తండ్రి కాళ్ళకు మొక్కి అడవిలోకి నడిచింది.

నాలుగు రోజులు నడిచాక ఒక పెద్ద లోయ అడ్డమొచ్చింది. దాని మీద కూలిన మద్దిచెట్టు ఒకటే వంతెన. ఆ మాను మొదట్లో ఒక ముసలి ఎలుగుబంటి కూర్చుని ఉంది. దానికి ఒక కన్ను లేదు.

"ఈ వంతెన నాది. సుంకం కట్టనిదే ఎవరినీ పోనివ్వను," అన్నది ఎలుగుబంటి మనిషి గొంతుతో.

పైడమ్మ భయాన్ని దిగమింగి మూట విప్పింది. "ఎలుగు మామా, నా దగ్గర జొన్నరొట్టెలు, బెల్లం ముక్క ఉన్నాయి. తీసుకో."

ఎలుగుబంటి మూతి ఎత్తి వాసన చూసింది. "అవి నాకెందుకు? నీ వీపు మీద తేనెమైనం ఉంది. అది కావాలి."

"అది తీస్తే కిన్నెర మెట్లన్నీ ఊడిపోతాయి మామా! వేలు ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు నాకు!"

"అయితే ఇంటికి పో. కేదారభట్టు నాకు పట్టుతేనె బుడ్డి ఇచ్చాడు. గుర్రం ఈ మాను మీద నడవదని ఇక్కడే కట్టేసి పోయాడు. మళ్ళీ రాలేదు. గుర్రం తాడు తెంపుకుని, వాడు వదిలిన పాత వీణ దండితో సహా పారిపోయింది. నీకూ అదే గతి. నాకు మైనమన్నా దక్కనీ."

లోయ వెంట రెండు రోజులు వెతికినా మరో దారి దొరకలేదు. పైడమ్మ తిరిగివచ్చి, పళ్ళు బిగబట్టి, తన చేతులతోనే మైనం గోకి ఎలుగుబంటి ముందు పెట్టింది. వెదురు బద్దలు ఒక్కొక్కటే రాలి లోయలో పడ్డాయి. మూడు నెలల కష్టం ఒక్క గడియలో పోయింది.

అవతలి అడవిలో నడుస్తూ ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మెట్లు లేని దండి మీద వేలు కుదురుగా నిలవలేదు, జారిపోయింది. పాట బదులు ఏదో మూలుగు వచ్చింది. మొదట ఆమెకు విసుగు పుట్టింది. కాని జారగా జారగా ఆ మూలుగులో ముత్తి జ్వరంతో ఉన్నప్పుడు 'అక్కా' అని సాగదీసి పిలిచే పిలుపులాంటిది ఒకటి వినిపించింది. ఆమె నడక ఆపి, అదే చోట వేలు మళ్ళీ జార్చింది. ఆ రోజంతా, మర్నాడంతా దాన్నే పట్టుకుని తిరిగింది.

మూడో రోజున చెట్లు పలచబడ్డాయి. అక్కడ పది కొయ్యబొమ్మలు నిలబడి ఉన్నాయి. తొమ్మిది బొమ్మల్లో ప్రాణం లేదు. పదోది కేదారభట్టు. అతని భుజాల దాకా కొయ్య, కళ్ళు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు అతను, ఎండిన ఆకు గలగలలాడినట్టు.

"మేదరి సోమన్న కూతురినండీ. పైడమ్మను. నీళ్ళు తాగుతారా?"

ఆమె ఆకుదోనెతో అతని నోట్లో నీళ్ళు పోసింది. అతను గుటక వేయడానికే చాలాసేపు పట్టింది.

"వెనక్కి పో తల్లీ. మాకు వచ్చినవన్నీ వాయించాం. మా గురువు నేర్పినవి, ఆయన గురువు నేర్పినవి. పాట మొదలుపెట్టగానే ఆ రాక్షసి 'ఇది విన్నాను' అంటుంది. అన్న ప్రతిసారీ కొయ్య మోకాటి దాకా, నడుము దాకా ఎక్కుతుంది. కొయ్యకాళ్ళు ఈడ్చుకుంటూ పారిపోయి ఇంతవరకే రాగలిగాం. ఆమె విననిది మా దగ్గర ఒక్కటి కూడా..."

మాట అక్కడ ఆగింది. అతని కళ్ళలోని తడి ఆమె చూస్తుండగానే ఆరిపోయింది. పైడమ్మ దోనె పక్కన పెట్టింది. ఆమె అతని కొయ్యపాదాలకు దండం పెట్టి ముందుకు నడిచింది.

గండశిల గుహ ముందు మిట్టమధ్యాహ్నం కూడా ఎండ చల్లగా ఉంది. ఘోరకర్ణి గుమ్మంలోనే కూర్చుని ఉంది. తాటిమాను అంత ఎత్తు. చేటలంత చెవులు. కాని ఆమె కళ్ళు ఎన్నో ఏళ్ళుగా నిద్ర లేనట్టు ఎర్రగా గుంటలు పడి ఉన్నాయి.

"వాయించు," అన్నది రాక్షసి. బెదిరించలేదు, అరవలేదు.

భయంలో పైడమ్మ చేతికి ముందుగా వచ్చింది దంపుళ్ళపాటే. రెండు వరుసలు కాకముందే ఘోరకర్ణి మొహం చిట్లించింది.

"ఇది విన్నాను."

పైడమ్మ పాదాలు చల్లబడి, బరువెక్కి, కొయ్యబారాయి. ఆమె కంగారుగా కోలాటం పాట అందుకుంది.

"ఇదీ విన్నాను!" ఈసారి రాక్షసి చెవులు మూసుకుని గట్టిగా మూలిగింది. కొయ్య పైడమ్మ నడుము దాకా పాకింది.

ఇక ఆమెకు వచ్చిన పాటలు లేవు. కళ్ళు మూసుకుని దండి మీద వేలు జార్చింది. దారిలో దొరికిన ఆ పిలుపు వచ్చింది. దాని వెంట మరొకటి వచ్చింది, కుమ్మరి వీధిలో ఎవరూ మాట్లాడని ఆ నడకలాంటిది. పై తీగ తెగి చెంప మీద కొట్టింది. ఆమె ఆగలేదు. మిగిలిన ఒక్క తీగ మీద, తప్పో ఒప్పో చూసుకోకుండా, కొయ్య పాకుతుందో ఆగిందో చూసుకోకుండా వాయించింది. చివరకు చెయ్యి దానంతటదే ఆగింది.

ఘోరకర్ణి నేల మీద చెవి ఆనించి పడుకుని ఉంది.

"ఇది ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు తల్లీ. దారిలో దొరికింది."

"దీని పేరేమిటి?"

"పేరు లేదు."

రాక్షసి మెల్లగా లేచి కూర్చుంది. "నీ రాజు వేటకు వచ్చాడు. మృగాలను తరమడానికి వంద డప్పులు కొట్టించాడు. నా బిడ్డ అప్పుడప్పుడే నడక నేరుస్తోంది. ఆ చప్పుడుకు బెదిరి కొండ అంచు నుంచి పడిపోయింది. ఈ లోకంలో ఉన్న పాటలన్నీ నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని గాలిలో విన్నవే. ఏది విన్నా అదే గుర్తొస్తుంది. ఇందులో మాత్రం నా బిడ్డ లేదు."

"మా చెల్లెలు వేటకు రాలేదు తల్లీ," అన్నది పైడమ్మ. "కుమ్మరి వీధి పిల్లవాడూ రాలేదు."

ఘోరకర్ణి తల వంచుకుంది. "ఆ పాట నాకు ఇచ్చెయ్. ఇచ్చాక నీ దగ్గర ఉండదు. నీ వేళ్ళలోనూ ఉండదు, మనసులోనూ ఉండదు. అది వింటూ నేను నిద్రపోతాను. పిల్లలను వదిలేస్తాను. గొంతు దాకా కొయ్యబారినవాళ్ళను మాత్రం తేలేను. అది నా చేతిలో లేదు."

పైడమ్మ ఒక్క క్షణం కిన్నెరను గుండెకు హత్తుకుంది. "తీసుకో," అన్నది.

రాక్షసి ఆమె వేలి కొసలను తన బొటనవేలితో తాకింది. పైడమ్మ కాళ్ళలోకి నెత్తురు జివ్వున పాకింది. తాను ఇంతకుముందు ఏం వాయించిందో ఎంత తలచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. ఘోరకర్ణి కళ్ళు మూసుకుంది. గుహ లోపలికి ఒరిగి, ఒత్తిగిలి పడుకుంది.

పైడమ్మ ఇల్లు చేరేసరికి ముత్తి వాకిట్లో కూర్చుని గంజి తాగుతోంది.

"అక్కా, కాళ్ళు తిమ్మిరెక్కాయే! నడిస్తే పడిపోతున్నా," అన్నది గునుస్తూ. పైడమ్మ ఆ కాళ్ళను ఒళ్ళోకి తీసుకుని పిసుకుతూ కూర్చుంది. సోమన్న పక్కన నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

రాజ్యంలో వేల మంది పిల్లలు లేచారు. పదకొండుమంది లేవలేదు. పైడమ్మ సభలో నిలబడి, రాక్షసి చెప్పిన మాట ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. చిత్రరథుడు అంతా విని సింహాసనం దిగాడు. ఆ పదకొండు ఇళ్ళకూ కాలినడకన వెళ్ళి క్షమాపణ అడిగాడు. రెండు ఇళ్ళవాళ్ళు తలుపు తీయలేదు. అతను వాళ్ళ వాకిళ్ళలోనే నిలబడి, దండం పెట్టి వచ్చాడు. గండశిల అడవిలో వేట మాన్పించాడు. పైడమ్మను సంగీతశాలకు అధిపతిని చేసి, ఆమె కోరిక ప్రకారం తలుపులు అందరికీ తెరిపించాడు. వీణ లేనివాళ్ళు ఆనపకాయ తెచ్చుకుంటే చాలునని చాటింపు వేశారు.

మొదటి రోజునే శాల పిల్లలతో నిండిపోయింది. అందరి కన్నా వెనక, గోడ వారగా ఒక నడివయసు ఆమె కూర్చుంది. కుమ్మరి వీధిలో పోయిన పిల్లవాడి తల్లి. ఒళ్ళో తానే కట్టుకున్న వంకరటింకర కిన్నెర ఉంది. పైడమ్మ ఆమె పక్కకు వెళ్ళి కూర్చుని, వేలు పట్టి తీగ మీద ఆనించింది.

"నొప్పి పుడుతుందా అమ్మా?" అని అడిగింది ఆమె.

"పుడుతుంది అత్తా. కొన్నాళ్ళు నెత్తురు కూడా వస్తుంది."

"రానీ," అని ఆమె తీగ మీటింది. అది కిర్రుమంది. శాలలో ఎవరూ నవ్వలేదు. ఆమె మళ్ళీ మీటింది.