నోరు మూసుకునే వారం

రేడియోలో వార్త వచ్చేసరికి లేతు మేస్త్రీ గడ్డం సగమే గీసుకున్నాడు. కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు ముప్పావు శాతం పెంచిందట. చదివినావిడ ఆ సంగతి వాన కబురంత తీరిగ్గా చెప్పి ఆటల వార్తల్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రీ చేతిలో కత్తి ఆగిపోయింది. ఇనుము చెక్కే రెండో లేతు మిషను కోసం ఆయన అప్పు కాగితాల మీద సంతకం పెట్టి ఇంకా వారం కాలేదు. అదీ మారే వడ్డీకి.

అప్పిచ్చిన బ్యాంకు గుమాస్తా రెండు రకాలు చూపించాడు. ఒకటి చివరిదాకా మారని వడ్డీ, అర శాతం ఎక్కువ. రెండోది కేంద్ర బ్యాంకు రేటుతో పాటు ఎక్కి దిగేది, ఆ రోజుకి చవక. మేస్త్రీ ఆ కాగితాలు ఇంటికి తెచ్చి, ఏది మంచిదని కూతుర్నే అడిగాడు. ఆమె ఉద్యోగం కేంద్ర బ్యాంకులోనే, వడ్డీ రేటు తేల్చే పెద్దల సమావేశాల కాగితాలు టైపు కొట్టడం. అన్నం తింటున్న ఆమె కంచంలో సగం వదిలేసి, లేచి చెయ్యి కడుక్కుంది. తప్పయితే చెప్పదా అనుకుని మేస్త్రీ చవకదానికే సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు ఆ సగం కంచం కళ్ళముందు ఆడింది. దీనికి ముందే తెలుసు, అనుకున్నాడు.

పేటలో ఆయన్ని మైకు మేస్త్రీ అంటారు. ఐదో తరగతితో బడి మానేసినా, పాత పుస్తకాల బండి దగ్గర కొన్నవి చదివి చదివి కేంద్ర బ్యాంకుల పుట్టుపూర్వోత్తరాలు కంఠతా పట్టాడు. షాపు ముందు నలుగురు నిలబడితే చాలు, మొదలెట్టేవాడు. యుద్ధానికి రాజు దగ్గర డబ్బు లేదు, పన్ను వేద్దామంటే జనం తిరగబడతారని భయం. వర్తకులు కూడబలుక్కుని అప్పిచ్చారు. బదులుగా ఒక బ్యాంకు పెట్టుకుని నోట్లు అచ్చేసుకునే హక్కు రాయించుకున్నారు. ఆ రాజు పోయాడు, ఆ యుద్ధం పోయింది, వాళ్ళు కూర్చున్న గది తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. లోపలి మాట డబ్బున్నవాడికి ముందురోజే తెలుస్తుంది, మనకి రేడియోలో తెలుస్తుంది. ఇదీ ఆయన ఉపన్యాసం. కూతురికి అక్కడే ఉద్యోగం వచ్చినప్పుడు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు కూడా.

ఆ రోజు షాపులో పని సాగలేదు. వచ్చిన మిషనుకి చుట్టిన గోనె ఇంకా విప్పలేదు. పెరిగిన వాయిదా లెక్కేస్తే, ఏడేళ్ళ పాటు నెలకి రెండు రోజుల కష్టం ఆ ముప్పావు శాతానికే పోతుంది. అంతకంటే కూతురి సంగతే లోపల తొలిచేసింది. రెండు నెలలకోసారి ఒక వారం ఆ పిల్ల నోరు కుట్టేసుకుంటుంది. ఫోను ఎత్తదు, పక్కింటికి పోదు. ఎవరినైనా ప్రేమించిందేమో అని భార్య నవ్వేది. కాదు, అక్కడ ఎవరితోనో లాలూచీ పడింది, ఇంటినే అమ్మేసింది, అనుకున్నాడు మేస్త్రీ.

సాయంత్రం కూతురు బ్యాగు గుమ్మంలో పెట్టి స్నానానికి వెళ్ళింది. మేస్త్రీ దాన్ని బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, బస్సు పాసు, సగం వాడిన కడుపుమంట మాత్రల అట్ట. అంతే.

కూతురు తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఒక్కొక్కటే తిరిగి బ్యాగులో పెట్టుకుంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు నాన్నా."

అబద్ధం చెబుతుందని సిద్ధంగా ఉన్న మేస్త్రీకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆయన కాగితాలు తెచ్చిన రోజు మధ్యాహ్నమే రేటు పెంపు చిత్తు ప్రతి తనే టైపు కొట్టానంది. ఆఖరి నిర్ణయం కాలేదు గానీ పెంచుతారని అర్థమైందంది. సమావేశానికి ముందు వారం బయటివాళ్ళతో ఆ ఊసెత్తకూడదని రాసిచ్చి చేరిన ఉద్యోగమంది.

మేస్త్రీ నోటికొచ్చినవన్నీ అన్నాడు. ఈ ఇంట్లో తింటూ ఎవరి గడపకి కాపలా కాస్తున్నావన్నాడు. కన్నతండ్రి పరాయివాడయ్యాడా అన్నాడు.

"ఒక్క మాట చెప్పక్కర్లేదే. తల అడ్డంగా ఊపినా సరిపోయేది కదా!"

"నేను మా నాన్నకి తల ఊపుతాను. పక్క సీటతను వాళ్ళ మామకి ఊపుతాడు. ఆ మామకి మూడు మిల్లులున్నాయి." కూతురు బ్యాగు మూసి పక్కన పెట్టింది. "పెద్దవాళ్ళకి ముందురోజే తెలుస్తుందని నువ్వు వీధిలో అరిచేది ఈ దారి గురించే కదా. నా వరకు మూసేశాను. అది నీకే తగిలింది."

పొయ్యి దగ్గర నుంచి భార్య అందుకుంది. "ఇన్నాళ్ళూ తలుపు మూశారని అరిచారు. ఇవాళ మీ ఒక్కరికి కిటికీ తెరవలేదని అరుస్తున్నారు."

మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. ఆ గదిలోంచి గుసగుసలు వస్తాయని ఇరవై ఏళ్ళుగా మండిపడ్డాడు. తన చెవిలో పడలేదనేనా ఆ మంట? తనకే ఆ గుసగుస దొరికితే ఎగబడి వినేవాడే కదా. సిగ్గుతో ఆయన మొహం కందిపోయింది.

"అదేరా తల్లీ, నేనూ ఆ మిల్లువాడి లాంటివాణ్ణే," అన్నాడు మెల్లగా. "నా దగ్గర మిల్లు లేదు, అంతే తేడా."

దాంతో కూతురి దుఃఖానికి గట్టు తెగింది. ఆయన కాగితాలు తెచ్చిన మర్నాడు ఉద్యోగం మానేసి చెప్పేద్దామనుకుని, దిగాల్సిన చోట దిగకుండా బస్సులో చివరిదాకా వెళ్ళిపోయానని ఏడ్చింది. తిరిగొచ్చేసరికి సంతకం అయిపోయిందని, ఆ వారమంతా ముద్ద దిగలేదని చెప్పింది. మేస్త్రీ ఆమె తల మీద చెయ్యి వేశాడు. చేతికున్న గ్రీజు జుట్టుకి అంటింది, ఇద్దరూ పట్టించుకోలేదు.

భార్య కంచాలు పెట్టింది. ఆ వారం గడిచిపోయింది కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చంటూ కూతురు అప్పు కాగితాలు తెప్పించుకుని వరసగా చదివింది. రుసుము కడితే మారని వడ్డీకి మార్చుకునే వీలుందని, ఇప్పుడు అది కూడా పెరిగే ఉంటుందని ఉన్నదున్నట్టు చెప్పింది. పొద్దున్నే వెళ్ళి అడుగుతానన్నాడు మేస్త్రీ.

చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "నీ మీద అనుమానం పోయింది తల్లీ. ఆ గది మీద మాత్రం పోలేదు."

"పోనివ్వకు నాన్నా," అంది కూతురు. "లోపల కూర్చుని టైపు కొడుతున్నాను, నాకే పోలేదు."