చల్లటి సిరంజి

ప్లోవ్‌దివ్ ఊళ్ళో చీజ్ పొరల రొట్టె, బానిత్సా, అమ్మే ఓ కొట్టు వెనక బెంచీ మీద కూర్చుని, వేడి ముక్క నములుతూనే కర్నల్ తోమోవ్ పని అప్పగించాడు.

“పిల్లల ఆసుపత్రి. మూత్రనాళం ఆపరేషన్లు. పిల్లాడి రక్తమే కాస్త తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లతో జెల్ చేసి కుట్ల మీద వేస్తారు. గాయం బాగా మానాలని. సరిహద్దు అవతలి ముఠా ఒకటి ఆ జెల్ తీసేసి తన సరుకు పెడుతోంది. దూడ రక్తంతో చేసింది. మన పిల్లల మీద పరీక్షలు, తల్లులకు చెప్పకుండా.”

ఏజెంట్ స్పాస్ తన చేతిలో మిగిలిన ముక్క కాగితంలో చుట్టేశాడు.

“లోపల మన ఇవెలీనా ఉంది. జెల్ చేసేది తనే. నువ్వు నర్సువి. కాలర్‌లో మైకు. టీం కావాలంటే ‘గులాబీ జామ్’ అను.”

మర్నాడు పొద్దున ఆపరేషన్ టేబుల్ మీద నాలుగేళ్ళ మొమ్‌చిల్. ఇప్పటికి రెండుసార్లు కుట్లు విడిపోయాయి.

“వాడు అందరిలా నిలబడి పోసుకుంటే చాలు బాబూ,” అంది వాళ్ళమ్మ, వాణ్ణి లోపలికి తెచ్చేటప్పుడు తలుపు దగ్గర, స్పాస్ చెయ్యి వదలకుండా.

“ఇదీ విడిపోతే కప్పడానికి చర్మం మిగల్లేదు,” అంది సర్జన్ జ్లతేవా, చివరి కుట్టు బిగిస్తూ. “జెల్ ఏదీ?”

ఇవెలీనా వచ్చింది. మాస్కు కూడా దాచలేని అందం. “ఇప్పుడే తిప్పాను, తాజాది,” అంటూ స్పాస్ చేతిలో సిరంజి పెట్టింది.

గ్లవ్ లోంచే వేళ్ళు జివ్వుమన్నాయి. ఇందాక పిల్లాడి ఒంట్లో ఉన్న రక్తం ఇంత చల్లగా ఎందుకుంటుంది? ఇది ఫ్రిజ్‌లోంచి వచ్చిన సరుకు. తెచ్చింది మన మనిషే.

“ఇచ్చెయ్ స్పాస్,” ఇవెలీనా అతని చెవిలో గొణిగింది. “చంటివాడు. వాడికి గుర్తు కూడా ఉండదు.”

స్పాస్ సిరంజిని వెనక్కి లాక్కున్నాడు. ఇన్నేళ్ళలో హంతకులతో కలిసి భోంచేశాడు గాని, ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

సర్జన్ చెయ్యి చాపింది. “ఇవ్వవయ్యా.”

“ఇవ్వను డాక్టరు గారూ. ఇది వీడి రక్తం కాదు.” కాలర్ వైపు తల వంచాడు. “గులాబీ జామ్.”

తలుపులు తెరుచుకున్నాయి. ఇవెలీనాను తీసుకెళ్ళారు. జ్లతేవా తనే పిల్లాడి రక్తం మళ్ళీ తీయించి, పక్కన నిలబడి తిప్పించి, వాడి జెల్ వాడికే వేసింది.

నెల తర్వాత కర్నల్ అడిగాడు. “రిపోర్టు?”

“వాళ్ళమ్మ ఫోన్ చేసింది సార్. నిలబడి పోస్తున్నాడట. గోడంతా తడిపాడని తిడుతోంది.”

కర్నల్ ఫైలు మూస్తూ రాశాడు: గురి తప్పింది. మిషన్ సక్సెస్.