తూర్పు గోడ మీద ఫొటో

ఆశాజ్యోతి ఫ్రేమును కౌంటరు మీద పెట్టింది.

"ఈవిడెవరో చెప్పగలరాండి?"

సాల్మన్ చూశాడు. ఎనిమిది నెలల క్రితం సామర్లకోటలోని తన స్టూడియోలోనే తీసిన ప్రింటు. చీరలో నీలం పోయింది. ముఖం ఎర్రబడింది.

"మీ అమ్మగారండి."

"మీరు పోల్చారు. మా నాన్న పోల్చుకోలేకపోతున్నాడు."

"పాత ఫొటో ఉందాండి?"

"తుఫానుకి అది ఉన్న గది సముద్రంలోకి పోయింది. ఇక మాకు మిగిలింది మీ అయిదేళ్ళ గ్యారంటీయే."

అప్పుడు ఆ పాత ఫొటో స్కాన్ చేసిన సీడీ దొరికింది. ఆ రోజే ప్రింటు తీసి పంపవచ్చు. సాల్మన్ తీయలేదు. ఆ గ్యారంటీ, ప్రింటు కాగితాలు అమ్మిన డీలరు చెప్పిన మాట. తను పరీక్షించి చూసింది కాదు. అది 2004. ఇంక్‌జెట్ ప్రింటరు కొని ఏడాది కాలేదు.

"మూడు నెలలు టైమివ్వండి. ఈసారి చూసి ఇస్తాను."

అదే ఫొటోను నాలుగు రకాల కాగితాల మీద, వేర్వేరు ఇంకులతో ముక్కలుగా తీశాడు. ఒక్కోదానికి సగం నల్ల కాగితం కప్పి, ఎండ పడే కిటికీ అద్దానికి అంటించాడు.

ఆశాజ్యోతి ఉప్పాడలో టీచరు. ప్రతి నెలా రెండో శనివారం బస్సెక్కి వచ్చి, నల్ల కాగితం ఎత్తి చూసేది.

"మీ స్టూడెంట్లు ఎలా ఉన్నారండి?" కిటికీ మీది ముక్కలు చూపిస్తూ అడిగాడు సాల్మన్.

"ఇద్దరు తప్పారండి."

"గ్లాసీవాడేనా?"

"వాడే. మెరుస్తాడు గానీ నిలబడడు."

రెండో నెలకే తేలిపోయింది. నెగ్గినది మెరుపు లేని నూలు కాగితం, ఎండకు త్వరగా వెలవని పిగ్మెంట్ ఇంకు. ఎండ తగిలిన సగానికీ తగలని సగానికీ తేడా లేదు. ప్రింటు ఇచ్చేస్తే ఆమెకు సామర్లకోటలో పనుండదు.

"ఇంకో నెల చూద్దామండి," అన్నాడు.

మూడో నెల ఆమె నల్ల కాగితం ఎత్తింది.

"ఇది పోయిన నెలే పాసైంది కదండి. రోజూ నలభై పేపర్లు దిద్దేదాన్ని, నాకు తెలీదా?"

"మరి ఈ నెలెందుకొచ్చారండి?"

ఆమె కాగితాన్ని మళ్ళీ ఎలా ఉందో అలా కప్పింది.

"మీరు రమ్మన్నారు."

ప్రింటును సాల్మనే ఉప్పాడ తీసుకెళ్ళాడు. ఆమె తండ్రి చిట్టియ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని ముఖం పోల్చుకున్నాడు. తర్వాత వరండాలోకి నడిచి, సముద్రానికి ఎదురుగా ఉన్న గోడ మేకుకు తగిలించబోయాడు.

పొద్దున్నే ఎండంతా ఆ గోడ మీదే. ఉప్పుగాలీ అక్కడికే. మొదటి ప్రింటు ఎందుకు వెలిసిపోయిందో సాల్మన్‌కు అర్థమైంది. అతనికి అర్థమైందని ఆశాజ్యోతికీ తెలిసింది. తల దించుకుంది. అతను ఆ సంగతి ఎత్తలేదు.

"లోపలి గోడకైతే చాలా ఏళ్ళుంటుందండి," అని మాత్రం అన్నాడు.

"మా ఇంటిది సముద్రం చూడాలి బాబూ. నా పడవ ఒడ్డుకొచ్చేదాకా ఇక్కడే నిలబడేది."

సాల్మన్ చేయి చాచాడు. ఫ్రేము అందుకుని తనే తగిలించాడు.

"ఇక్కడే ఉండనివ్వండి. వెలిసినప్పుడల్లా కొత్తది తెచ్చి పెడతాను."

"ఎన్నాళ్ళు తెస్తావు?"

"మీ అమ్మాయీ మీరూ ఒప్పుకుంటే, నేనున్నన్నాళ్ళూనండి."

చిట్టియ్య కూతురి వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇతని మాట నిలబడేదేనా?"

"మూడు నెలలు చూశాను నాన్నా," అంది ఆశాజ్యోతి. "ఒక నెల అబద్ధమాడారు. రంగు మాత్రం మారలేదు."