డిస్క్ ఖాళీ కాకూడదు

నేవీ గూఢచారి జోసువాను రాజధాని సువా రేవులో వెనకనుంచి కాల్చి చంపారు. నాలుగు నెలల తర్వాత అతను చూస్తున్న కేసునే తమ్ముడు వైసాకేకి అప్పగించారు.

కమాండర్ తెవితా తలుపు మూశాడు. "హాల్డర్‌ది చేపల కంపెనీ అన్నది పైకి మాత్రమే. వాడు విదేశీ ఏజెంటు. మన గస్తీ బోట్ల రూట్లు మనవాడెవడో వాడికి పంపుతున్నాడు. లింకు ఈ మధ్యాహ్నం ఒక్కసారే తెరుచుకుంటుంది. తెరిస్తేనే పంపినవాడు దొరుకుతాడు. ఫైలు మాత్రం దిగకూడదు."

"ఎలా ఆపాలి సార్?"

"వాడి లాప్‌టాప్ డిస్క్ నిండిపోయింది. రిపేరువాణ్ణి పిలిచాడు. నువ్వెళ్ళు. ఖాళీ చేస్తున్నట్టు నటించు. ఖాళీ చెయ్యకు."

"లోపల మనవాళ్ళెవరు?"

"మీ వదిన."

లిటియా ఇప్పుడు హాల్డర్ సెక్రటరీ. శాఖ రహస్యాలు తనకు అమ్ముతోందని అతని నమ్మకం. తను చంపించినవాడి భార్య అని తెలియదు. వైసాకే వెళ్ళేసరికి ఎర్ర గౌనులో, ఎర్రటి పెదవులతో నిలబడి ఉంది. భర్త పోయినవాళ్ళు నల్లబట్ట కట్టే ఊరు వాళ్ళది. ఆమె ఒక్కరోజు కూడా కట్టలేదు. అది ఉద్యోగధర్మమని తెలిసినా, వైసాకే మనసులో ఎక్కడో ఆమెను క్షమించలేదు.

"ఏం బాబూ, కండావు దీవి నుంచి ఈదుకుంటూ వచ్చావా?" అంది లిటియా.

"మీ లౌ దీవుల వాళ్ళకి నోరెక్కువ, పని తక్కువ అమ్మా. ఆటు బాగా తీసింది, అందుకే ఆలస్యం."

'ఆటు' అంటే పని ఈరోజేనని వాళ్ళ కోడ్. దీవులు వేరైనవాళ్ళు వెక్కిరించుకోవడం అక్కడ మామూలే. హాల్డర్ నవ్వి ఊరుకున్నాడు. జోసువాను కూడా ఆమె ఇలాగే ఏడిపించేది.

"దేనితో నిండిందో నాకు చూపించి తుడువు," అన్నాడు హాల్డర్, కిటికీ దగ్గర సిగరెట్ ముట్టిస్తూ.

వైసాకే దాచిన ఫోల్డర్లు తెరిచాడు. వీడియో చాట్ యాప్‌ది అన్నిటికన్నా పెద్దది. అందులో జోసువా ఉన్నాడు. కర్రపెండలం చెక్కు తీస్తూ జోసువా. పడవలో నిద్రపోతూ జోసువా. వందల జోసువాలు.

అతనికి అర్థమైంది. ఆమె ఫోన్‌ను హాల్డర్ మనుషులు రోజూ వెతుకుతారు. యజమాని లాప్‌టాప్‌ను ఎవరూ అనుమానించరు. భోజనవేళ అందులో భర్త ఖాతా తెరిచి వీడియోలు చూసుకుని, లాగవుట్ చేసి, అంతా పోయిందనుకునేది. చూసిన ప్రతిసారీ యాప్ ఒక నకలు తీసి లోపల దాచింది. డిస్క్ నిండింది అందుకే. పోయినవారం శాఖ జోసువా ఖాతాను తుడిచేసింది. తెరమీది ఆ నవ్వు ఇంకెక్కడా లేదు. కాపీ చేసి తీసుకుపోదామన్నా గుమ్మం దగ్గర గార్డు పెన్‌డ్రైవులు లాక్కుంటాడు.

వెనకనుంచి లిటియా కూడా తెర చూసింది.

"దొరికిందా?" హాల్డర్ ఇటు నడిచాడు. జోసువా ముఖం చూస్తే గుర్తుపడతాడు.

"పాత చెత్త," అంది లిటియా. "తుడిచెయ్, బాబూ."

తుడిచాడు. ఆ వెంటనే మ్యాపుల యాప్ దాచుకున్న ఫైళ్ళను ఆ ఖాళీలోకి మళ్ళీ మళ్ళీ కాపీ చేశాడు. తుడిచేటప్పుడూ నింపేటప్పుడూ తెరమీద పాకే గీత ఒక్కటే. హాల్డర్‌కు తేడా తెలియలేదు. వైసాకేని పక్కకు నెట్టి లింకు తెరిచాడు.

ఫైలు దిగసాగింది. సగం. ముప్పావు. చివరి అంచున ఆగింది.

డిస్క్‌లో చోటు లేదు.

లింకు మూసుకుపోయింది. అదే నిమిషంలో హెడ్‌క్వార్టర్స్‌లో పంపినవాణ్ణి కుర్చీలోనే పట్టుకున్నారు. మెట్లమీద నేవీ బూట్ల చప్పుడైంది. హాల్డర్ చేతులెత్తాడు.

అందరూ దిగిపోయాక లిటియా అదే కుర్చీలో కూర్చుంది. చేతి వెనకభాగంతో పెదవుల రంగు తుడుచుకుంటోంది. పూర్తిగా పోవడం లేదు.

"ఒక్కటైనా మిగిలిందా?"

"లేదు వదినా."

తల ఊపింది. వైసాకే ఫోన్ మోగింది.

"శభాష్," అన్నాడు తెవితా. "ఆ లాప్‌టాప్‌లో మనకు పనికొచ్చేదేమైనా ఉందా?"

వైసాకే ఆమె వైపు చూడలేదు.

"ఏమీ లేదు సార్. నిండుగా ఉంది, అంతే."