ఏడో నంబరు సలహా

ఉదయం తొమ్మిదయ్యేసరికి ఆమె గొంతు మారిపోతుంది. అప్పటిదాకా "నా దువ్వెన ఎవరు తీశారు? ఈ ఇంట్లో ఒక్క వస్తువూ పెట్టిన చోట ఉండదా?" అంటూ ఇల్లు పీకి పందిరి వేసే మనిషి, హెడ్‌సెట్ తగిలించుకోగానే ఎక్కడలేని ఓర్పూ తెచ్చుకుంటుంది.

"అయ్యో, అలాగా సర్! ఆట తెరవగానే మూసుకుపోతోందా? కంగారు పడకండి, నేనున్నాను కదా."

వంటగదిలో అమ్మ గరిటె ఆపింది. "ఆ నేనున్నాను అనే మాట మాకెప్పుడు దక్కుతుందో!" అని గోడతో చెప్పుకుంది.

ఆమె పని కంప్యూటర్ ఆటల కంపెనీ హెల్ప్‌లైన్‌లో. ఇంట్లోంచే చేస్తుంది. ఆట క్రాష్ అవుతోందని రోజుకి అరవై మంది ఫోన్లోనో ఈమెయిల్ ఉత్తరాల్లోనో మొరపెట్టుకుంటారు. వాళ్ళకి పంపడానికి కంపెనీ పది సలహాల జాబితా ఒకటి ఇచ్చింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేయండి, ఆట తీసేసి మళ్ళీ ఎక్కించండి, ఇలా. మొదట్లో ప్రతి ఉత్తరం చదివి జవాబు రాసేది. ఇప్పుడు జాబితా అతికించి పంపేస్తోంది. చేరి మూడు నెలలు పూర్తవుతున్నాయి, ఇవాళ సాయంత్రం ఉద్యోగం పర్మినెంటో కాదో తేలుతుంది.

పది గంటలకి నాన్న హాల్లో పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రెండేళ్ళుగా ఆ వేళకి ఎవరితోనో ఒక చదరంగం ఆట ఆడందే ఆయనకి రోజు మొదలుకాదు. తెర మీద గళ్ళ బల్ల ఒక్క క్షణం మెరిసి మాయమైంది. ఇలా ఎనిమిదో రోజు.

"అమ్మాయీ, ఒక్క పది నిమిషాలు..."

"నాన్నా, డ్యూటీలో ఉన్నా! ఎన్నిసార్లు చెప్పాలి? తర్వాత చూస్తాను."

ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. పావు గ్రాము తేడా వచ్చినా తేడా అనే రాసినవాడు, బతిమాలడం మాత్రం ఏనాడూ నేర్చుకోలేదు.

పదిన్నరకి సూపర్‌వైజర్ నుంచి సందేశం వచ్చింది. ఎవరో కస్టమర్ ఐదు నక్షత్రాలకి ఒక్కటే ఇచ్చాడు. "నీ సగటు నాలుగు కంటే కిందికి పోయింది. సాయంత్రంలోగా ఆయన సమస్య తీర్చకపోతే నేనేం చేయలేను."

ఆమె పళ్ళు నూరుతూ ఆ ఫిర్యాదు తెరిచింది. "మీరు చెప్పిన పదింటిలో తొమ్మిది చేశాను. ఏడోది నా చేతిలో లేదు. ఆ సంగతి రాస్తే, మళ్ళీ అదే జాబితా పంపారు. మీరు ఉత్తరాలు చదవరు. మా ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరున్నారు."

"ఎవడీ పెద్దమనిషి?" అని కింద జతచేసిన వివరాలు చూసింది. కంప్యూటర్ పేరు: హాలు పెట్టె. ఆ పేరు పెట్టింది తనే, రెండేళ్ళ క్రితం, నాన్నని ఏడిపించడానికి. నాన్న ఆడే చదరంగం తన కంపెనీదే.

కుర్చీ ధడాలున వెనక్కి పడింది.

"నాన్నా! నా మీద ఫిర్యాదు చేశావా? కన్నకూతురి మీద?"

"నీ మీద కాదు. కంపెనీకి రాశాను. ఇంట్లో అడిగితే వినలేదు, ఆఫీసుకి రాస్తేనైనా వింటారని."

"ఒక్క నక్షత్రం ఇచ్చావు! నా ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"సమస్య తీరిందా అని అడిగారు. తీరలేదు. తీరిందని అబద్ధం రాయమంటావా?"

"చదరంగం బొమ్మలు కదపడం కోసం నా కడుపు కొడతావా? పొద్దున లేస్తే ఆటే ఆట! పనిలేని వాళ్ళకి ఆటలు, వాళ్ళ ఏడుపులు వినడానికి నేను!"

ఆ మాట జారాక ఆమెకే తప్పనిపించింది. కానీ కోపం వెనక్కి తగ్గనిస్తేనా? నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది చూసి అమ్మకి ఒళ్ళు మండిపోయింది. తడిచేతులతోనే వచ్చి నిలబడింది.

"ఏం కూశావే? ఆ ఆటలో అవతల కూర్చునేది ఎవరో తెలుసా? మీ బాబాయి!"

"నువ్వుండు," అన్నాడు నాన్న.

"ఉండను! ఎనిమిది రోజులు ఉన్నాను, చాలు. మీ నాయనమ్మని ఆఖర్లో ఆసుపత్రిలో ఉంచాలని ఈయన, ఇంటికి తెచ్చేద్దామని ఆయన. ఆవిడ పోయింది, అన్నదమ్ముల మాటలూ పోయాయి. ఆరేళ్ళయింది. రెండేళ్ళ క్రితం ఎడంచెయ్యి అని పేరు పెట్టుకున్నవాడెవడో ఈయన్ని ఆటకి పిలిచాడు. మనింట్లో ఎడంచేతివాటం ఎవరిదే? ఇద్దరికీ తెలుసు. ఒక్క మాట అనుకోరు. పది గంటలకి ఆడతారు, లేస్తారు. అది కూడా లేకుండా చేశావు!"

"నేనా? నేనేం చేశాను?"

నాన్న మొదటిసారి గొంతు పెంచాడు. "ఏడో నంబరు చదువు. నువ్వు పంపిందే కదా, చదువు!"

ఆమె తన కంప్యూటర్ తెర వైపు తిరిగింది. రోజూ అరవైసార్లు అతికించే వాక్యాన్ని మొదటిసారి చూసినట్టు చదివింది. "స్పీకరో హెడ్‌సెట్టో తగిలించి ఉందో లేదో చూడండి. శబ్దం వినిపించే సాధనం లేకపోతే ఆట తెరుచుకోగానే మూసుకుపోతుంది."

"హెడ్‌సెట్ నీ తల మీద ఉంది," అన్నాడు నాన్న.

నిజమే. తనది విరిగిపోతే, "నీకెందుకు నాన్నా, రేపు కొత్తది తెస్తా" అని ఆయనది ఊడబెరుక్కుంది. ఆ రేపు ఎనిమిది రోజులుగా రాలేదు.

ఆమె హెడ్‌సెట్ తీసి పాత కంప్యూటర్‌కి తగిలించింది. గళ్ళ బల్ల మెరిసింది. ఈసారి మాయం కాలేదు. పక్కన వరసగా ఎనిమిది పిలుపులున్నాయి. ఎడంచెయ్యి, పది గంటలకి. ఎడంచెయ్యి, పది గంటలకి. రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న సందేశాల పెట్టెలో, ఇవాళ ఒక్క వాక్యం.

"నువ్వే చదువు, నాకు కనబడటంలేదు," అన్నాడు నాన్న, కళ్ళజోడు పెట్టుకునే.

"అన్నయ్యా, ఒంట్లో బాగుందా? నా మీద కోపమైతే వదినతోనైనా ఒక్క మాట చెప్పించు."

ఆమెకి ఏడుపు ఆగలేదు. "నన్ను క్షమించు నాన్నా. ఊరందరి మాటా విన్నాను, నీ మాటే..."

"ముందు ఫోనివ్వు," అన్నాడాయన. "నంబరు... మార్చాడో ఏమో."

అమ్మ పైటచెంగుతో చేతులు తుడుచుకుంటూ పది అంకెలూ తడుముకోకుండా చెప్పింది. నాన్న అమ్మ వంక ఆశ్చర్యంగా చూశాడు. ఫోను ఒక్కసారి మోగీ మోగకముందే అవతల ఎత్తారు.

"ఒరేయ్... లేదురా, కోపం కాదు. ఆట తెరుచుకోలేదు, అంతే." ఆయన ఫోను చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని వచ్చి, ఫిర్యాదు తెరిచి, ఒక్కో వేలితో నొక్కాడు. నాలుగు నక్షత్రాలు.

"ఐదు కాదా నాన్నా?"

"ఎనిమిది రోజులు ఆలస్యం."

ఆమె కన్నీళ్ళలోంచే నవ్వింది. సూపర్‌వైజర్‌కి అరగంట సెలవు రాసి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే ఈ ఎండలో?" అంది అమ్మ.

"హెడ్‌సెట్ కొనడానికి."

"రేపు వెళ్ళరాదూ?"

"ఇవాళేనమ్మా," అని గేటు తీసుకుని గబగబా వీధిలోకి నడిచింది.