షిఫ్టు మారిన దెయ్యం

అది పంతొమ్మిది వందల అరవై మూడు. చలి అప్పుడప్పుడే మొదలవుతున్న కార్తీకమాసం.

భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో ఒక సెక్టారు చివరి వరసలో, చివరి క్వార్టరుకి మంచి పేరు లేదు. పాత ఊరి శ్మశానాన్ని చదును చేసి ఆ వరస కట్టారని కొందరు... కాదు, పురిట్లో పోయిన మనిషిని అక్కడే పాతిపెట్టారని కొందరు. ఎవరి మాట ఎలా ఉన్నా, రాత్రిపూట ఆ ఇంటి గోడ మోగుతుందని మాత్రం అందరూ ఒప్పుకునేవారు. పాలవాడు గేటు దాటేవాడు కాదు. "భయ్యా, బర్తన్ బాహర్ రఖో" అని, గిన్నె బయట పెట్టమని రోడ్డు మీదే నిలబడేవాడు.

ఆ ఇంటికే పాలకొండ నుంచి కాపరానికి వచ్చింది సూర్యావతి. మొగుడు బంగార్రాజు ఉక్కు మిల్లులో క్రేను నడుపుతాడు. అప్పటికి ఏడాదిగా ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు.

"దెయ్యం ఉందంట కదా మావా?" అంది వచ్చిన రోజే.

"ఉంటే ఉందిలే. ఇంత ఇనుం ఉన్న ఊళ్ళో ఎలా బతుకుతందో దాన్నే అడుగు," అని నవ్వేశాడు.

రెండు మూడు రాత్రులు బాగానే గడిచాయి. ఆ తర్వాత అడిగే పని పడింది.

మంచి నిద్రలో ఉంది. గొంతు పిసికితే వచ్చేలాంటి కేక... ఒక్కటే. ఉలిక్కిపడి లేచేసరికి పక్కనున్న ఇనప మంచం ఊగిపోతోంది — గోడకి కొట్టుకుంటోంది — టక టక టక టక. కొత్త ఇల్లు. చీకట్లో స్విచ్చి చేతికి దొరకలేదు. అంతలో దూరాన ఫ్యాక్టరీలో, ఇనుం కరిగించగా మిగిలే నిప్పులాంటి చిట్టెం పారబోశారు. ఆకాశమంతా ఎర్రబడి, ఆ వెలుగు కిటికీలోంచి మంచం మీద పడింది.

బంగార్రాజు కర్రలా బిగుసుకుపోయి ఉన్నాడు. కళ్ళు తెల్లగా పైకి తిరిగాయి. నోట్లో నురగ. ఎవరో మీద కూర్చుని కుదిపేస్తున్నట్టు...

మీద ఎవరూ లేరు.

ఆంజనేయుణ్ణి తలుచుకుందామంటే పేరు తప్ప మరో ముక్క గుర్తు రాలేదు ఆమెకి. కాసేపటికి మంచం దానంతటదే ఆగింది. అతను గురక పెట్టి పడుకున్నాడు. తెల్లారి చూస్తే దిండు మీద నెత్తురు.

"నాలిక కరుసుకున్నాను, అంతే," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

పక్కింటి కొర్నేలి భార్య సులోచనతో చెప్పుకుంది. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే.

"నీకూ వినపడిందా!" అంది సులోచన గుసగుసగా. "మాకు ఏడాది బట్టీ వినపడతానే ఉంది సూరీ. మా ఆయన దిండు చెవుల మీద పెట్టుకుంటాడు. నేను ప్రార్థన చేసుకుంటా."

"మరి ఒక్కసారైనా తలుపు కొట్టి సూడలేదేటక్కా?"

"బాగుంది! లోపల దెయ్యముంటే పేరంటానికి పిలిచినట్టు తలుపు కొడతారా ఎవరైనా?"

దగ్గర్లోని ఉతై ఊరి నుంచి బైగాని, అంటే అక్కడి మంత్రగాణ్ణి, పిలిపించింది సూర్యావతి. నిమ్మకాయలు కోశాడు. గుమ్మానికి మేకు దిగ్గొట్టాడు. కోడిని చంకన పెట్టుకుపోయాడు.

ఆ పై వారం బంగార్రాజుకి నైటు షిఫ్టు. ఆమె ఒక్కతే ఇంట్లో. కత్తిపీట ఎదురుగా పెట్టుకుని, గోడకేసి చూస్తూ తెల్లవార్లూ కూర్చుంది. చడీ చప్పుడూ లేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు.

"పోయిందక్కా! కోడి పని సేసింది!"

"కోడేంటి? నా ప్రార్థన," అంది సులోచన మూతి తిప్పి.

ఆ మధ్యాహ్నమే... ఎండ ఫెళ్ళున కాస్తోంది. షిఫ్టు దిగొచ్చిన బంగార్రాజు లోపల పడుకున్నాడు. సూర్యావతి అరుగు మీద తోటకూర ఒలుస్తోంది.

లోపల్నుంచి కేక. టక టక టక టక —

పట్టపగలు!

చేతిలో ఆకు జారిపోయింది. రాత్రి ఆయన లేనప్పుడు రాలేదు... పగలు ఆయన పడుకుంటే వచ్చింది... ఆయనకి షిఫ్టు మారితే దానికీ మారింది.

దెయ్యం ఇంట్లో లేదు.

అతను లేచేదాకా ఆగి అడిగింది. "మావా... ఆ గోడ మోగించేది నువ్వే."

"తెలుసే," అన్నాడు బంగార్రాజు. "సిన్నప్పట్నుంచీ ఉంది, మూర్ఛ. నిద్దట్లోనే వొస్తాది. మెలకువలో ఒక్కనాడూ రాలేదు, అమ్మతోడు."

"ఆస్పత్రికి పోదాం. మందులుంటాయంట."

"డాక్టరు కాయితం మీద రాస్తే క్రేను మీంచి దింపేస్తారు. క్రేను లేదంటే ఈ ఇల్లు లేదు. ఎవులికీ సెప్పకు సూరీ."

"అడిగినోళ్ళకేటి సెప్పను?"

"దెయ్యం ఉంది కదా. దాన్నే ఉండనీ."

అలాగే ఉండనిచ్చింది. అతను పడుకున్నప్పుడల్లా ఆమె మేలుకునేది. మూర్ఛ వస్తుంటే చూడ్డమే తప్ప ఆపడం చేత కాదు. పట్టుకుంటే ఆగదు, పిలిస్తే పలకడు. పక్కకి ఒత్తిగిల్లజేసి, నురగ తుడిచి, ఊపిరి వినపడేదాకా చెవి పెట్టి కూర్చునేది.

"మా పాస్టరు గారిని పిలుద్దామా?" అంది సులోచన ఒకసారి.

"వొద్దక్కా. అది మా సెడ్డ మొండిది. గోడ మోగినప్పుడు మీరిటు రాకండి. తలుపేసుకోండి," అంది సూర్యావతి.

మాఘమాసంలో మళ్ళీ నైటు షిఫ్టు పడింది. ఇంట్లో కిరసనాయిలు చుక్క లేదు. బజార్లో ఇస్తున్నారని తెలిసి, పొద్దున్న షిఫ్టు దిగొచ్చిన బంగార్రాజు నిద్రలోకి జారాక, డబ్బా పట్టుకుని పరుగున వెళ్ళింది. అక్కడ క్యూ కదల్లేదు.

ఇక్కడ సులోచన బియ్యం చెరుగుతోంది. గోడ మోగింది. చేట పక్కన పెట్టి, చెప్పినట్టే తలుపు గడియ వేసుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, చప్పుడు పోయేదాకా కళ్ళు తెరవకుండా ప్రార్థన చేసింది.

చప్పుడు పోయింది. స్తోత్రం చెప్పుకుని మళ్ళీ చేట అందుకుంది.

సూర్యావతి వచ్చేసరికి బంగార్రాజు దిండులోకి మొహం పెట్టి బోర్లా ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది.

అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు.